చేని నడుమ దారి

ఒక ఆదివారం దివ్యపూజ ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక పెద్దాయన దేవాలయం మెట్ల దగ్గర ఆగిపోయారు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకొని మెల్లగా అడిగారు: “సామీ, నా పట్టా భూమిలో నేను దారి మూసేస్తే అది పాపమైతాదా?”

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. తాగుడు గురించి, వడ్డీల గురించి, అన్నదమ్ముల తగాదాల గురించి అడిగినవాళ్ళున్నారు. దారి గురించి ఎవరూ అడగలేదు. మెట్ల మీదనే కూర్చున్నాం. ఆయన చెప్పుకొచ్చారు.

ఆయనది పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య చిన్న పల్లె. పేరు రాయను, రాస్తే ఆయన ఎవరో చుట్టుపక్కల విచారణల్లో అందరికీ తెలిసిపోతుంది. మూడెకరాల మెట్టచేను. ఆయన జేజినాయన పెద్ద రైతుల దగ్గర జీతగాడుగా ఉండి, కూడబెట్టి, ఒకటొకటిగా కొన్న చేను అది. చెనక్కాయ వేస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల మనది. పడినా పైరుకు కావలసినప్పుడు పడదు. వరుసగా రెండేళ్ళు విత్తనం ఖర్చు కూడా రాలేదు. పెద్ద కొడుకు బెంగుళూరులో మేస్త్రీ పని చేస్తాడు. చిన్నకొడుకు, కోడలు హిందూపురంలో గార్మెంట్స్ పనికి పోతారు. మనవరాలు బెంగుళూరులో నర్సింగు చదువుతున్నది. ఫీజు కట్టాలి.

చేను అమ్ముదామనుకున్నారు. ధర కూడా వచ్చింది. 2017లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరి, 2019లో కార్లు బయటికి రావడం మొదలైనప్పటి నుంచి ఆ జాతీయ రహదారికి అటూ ఇటూ నేల ధర మన చెనక్కాయ లెక్కలకు అందకుండా పోయింది. పట్నం నుంచి వచ్చిన కొనుగోలుదారు ఒక షరతు పెట్టాడు. చేనికి అడ్డంగా, మూల నుంచి మూలకు ఒక దారి ఉన్నది. రిజిస్ట్రేషన్ నాటికి అది ఉండకూడదు. కంప వేసి మూసెయ్యాలి, అటువైపు జనం నడవడం మానెయ్యాలి. అప్పుడే మొత్తం మూడెకరాలకు ఒకే ధర. దారి ఉంటే ధర చాలా తగ్గుతుంది.

ఆ దారిని నేను ఎరుగుదును. మీలో చాలామందికి మీ ఊళ్ళలో ఇట్లాంటిది ఒకటి తెలిసే ఉంటుంది. పొద్దున్నే పాలక్యాన్లు పట్టుకొని పోయేవాళ్ళు, ధర్మవరం మగ్గాలకు కూలికి పోయే ఆడవాళ్ళు, హైస్కూలు పిల్లలు ఆ దారినే రోడ్డెక్కి బస్సు పట్టుకుంటారు. వాళ్ళు చేను చుట్టూ తిరిగి పోవాలంటే మైలుకు పైగా ఎక్కువవుతుంది. ఆడవాళ్ళకు చీకట్లో ఆ చుట్టుదారి మంచిది కాదు. రెండోవైపు అదే దారి వంక దాటి శ్మశానానికి పోతుంది. పాడె మోసుకొని పోయేది ఆ దారినే. నవంబరు 2వ తేదీన సమాధుల పండుగకు కొవ్వొత్తులూ పూలూ పట్టుకొని, జపమాల చెప్పుకుంటూ మేము నడిచేది ఆ దారినే. ఆయన జేజినాయన కూడా ఆ దారినే పోయి అక్కడ పడుకున్నాడు.

“మా జేజినాయన పోనిచ్చినాడు సామీ. అప్పుడు ఎవురూ అడగలేదు, ఆయన వద్దనలేదు. పోనిచ్చిండేది ఆయన. నేను కాదు గదా?”

ఈ ప్రశ్న చిన్నదనిపిస్తుంది గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకరు మంచితనంతో ఇచ్చినది, కాలం గడిచాక వారి మనుమలకు అప్పుగా మారుతుందా? ఇచ్చిన చెయ్యి తిరిగి తీసుకోగూడదా? తీసుకోగూడదంటే, మంచితనం చూపినందుకు శిక్ష పడినట్టు కాదా? పక్క చేను పెద్దమనిషి ఎప్పుడో కంచె కట్టుకొన్నాడు. ఆయనను ఇప్పుడు ఎవరూ ఏమీ అడగటం లేదు.

చట్టం సంగతి ముందు చూద్దాం. గ్రామ పటంలో ఆ దారి లేదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలుపెట్టిన రీసర్వేలో డ్రోన్లతో కొలిచి రాళ్ళు పాతారు. హద్దులు కొలిచారు గాని అడుగుజాడలు ఎవరు కొలుస్తారు? అయితే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఒకటున్నది. ఇతరుల నేల మీదుగా ఇరవై ఏళ్ళపాటు ఆటంకం లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచినవారికి ఆ దారి మీద హక్కు పుడుతుందని అది చెబుతుంది. ఇక్కడ ‘హక్కుగా’ అనే మాట ఉన్నది చూశారా, అందులోనే చిక్కున్నది. దయతో పోనిచ్చిన దారికి ఆ చట్టం వర్తించకపోవచ్చు. అంటే, ఎవరి అనుమతీ అడగకుండా జనం తమ హక్కన్నట్టు శాంతంగా నడిస్తే హక్కు పుట్టవచ్చు, మంచిమనసుతో నడవనిస్తే పుట్టకపోవచ్చు. చట్టం తన దోవలో సరిగానే ఉండవచ్చు. కాని అంతరాత్మకు ఇది చాలదు. పైగా మగ్గం కూలికి పోయే ఆడమనిషి పెనుకొండ కోర్టు మెట్లెక్కి దావా వేసి గెలిచే నాటికి ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలుసు.

పరిశుద్ధ గ్రంథం తెరిచాను. మార్కు సువిశేషం రెండవ అధ్యాయంలో ఒక చిన్న ఘట్టం మనం ఎన్నోసార్లు విన్నదే. విశ్రాంతి దినాన యేసు ప్రభువు శిష్యులతో పంటచేల మధ్య నడిచిపోతుండగా శిష్యులు వెన్నులు తుంచారు. పరిసయ్యులు తప్పుపట్టారు. ఎన్నో ప్రసంగాలు చేశాను గాని ఒక సంగతి ఆ రాత్రి దాకా నా కంట పడలేదు. పరిసయ్యులు తప్పుపట్టింది విశ్రాంతి దినాన పని చేసినందుకు. ఎవరి చేలోనో నడిచినందుకు కాదు, ఎవరి గింజలో తుంచినందుకూ కాదు! తప్పులు వెదకడమే పనిగా పెట్టుకొన్నవారికి కూడా అది తప్పుగా కనబడలేదు. ఎందుకంటే మోషే ధర్మశాస్త్రంలోనే, ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో, దానికి చోటున్నది. పొరుగువాని ద్రాక్షతోటలోకి పోయినవాడు కడుపునిండా తినవచ్చు, బుట్టలో వేసుకొని పోగూడదు. పైరులో చేత్తో వెన్నులు తుంచుకోవచ్చు, కొడవలి పెట్టగూడదు. అంటే తోట యజమానిదే, అందులో సందేహం లేదు. కొడవలి ఆయనది. కాని బాటసారి చేతికీ ఆకలికీ అందులో ఒక పాలు ముందే తీసిపెట్టి ఉన్నది. లేవీయకాండం 19వ అధ్యాయం చేని అంచులను పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగెను పేదలకూ పరదేశులకూ వదలమని ఆజ్ఞాపిస్తుంది.

పరిగె అంటే మన పల్లెల్లో ఎవరికీ వివరించనక్కరలేదు. చెనక్కాయ పెరికిన తర్వాత చేనిలో మిగిలిన కాయల కోసం ముసలమ్మలూ పిల్లలూ వచ్చి, నేల తవ్వుకొని ఒడి నింపుకొని పోయేవారు. ఏ రైతూ వాళ్ళను దొంగలనలేదు. వాళ్ళు హక్కుపత్రం అడగలేదు, ఆయన దానపత్రం రాయలేదు. ఆ పెద్దాయన తల్లి కూడా అట్లా పరిగె ఏరి బిడ్డలను సాకిందని ఆయనే ఒకసారి చెప్పారు.

ఇక శ్రీసభ ఏమంటున్నది? ఆస్తి ఉండగూడదని శ్రీసభ ఎన్నడూ అనలేదు. 1891లో పదమూడవ లియో పోపు గారు కార్మికుల గురించి వెలువరించిన విశ్వలేఖలో, కూలివాడు పొదుపు చేసి నేల కొంటే ఆ నేల వేరే రూపంలో ఉన్న వాని కూలియే అని, దానిని లాక్కోవడం అన్యాయమని వాదించారు. 2025లో ఎన్నికైన పోపు గారు పద్నాలుగవ లియో అనే పేరు పెట్టుకోవడానికి ఆ విశ్వలేఖ కూడా ఒక కారణమని స్వయంగా చెప్పారు. జీతగాని చెమట మూడెకరాలైన మన పెద్దాయన ఇంటి కథకు ఇంతకన్నా సరిపోయే బోధన లేదు. ఆ చేను ఆయనది. ఈ మాట గట్టిగా చెప్పిన తర్వాతే మిగతాది చెప్పాలి.

మిగతాది కూడా అంతే గట్టిగా ఉన్నది. మనిషి వస్తువులను తనవిగా నిర్వహించుకోవచ్చు గాని, వాటి ఉపయోగం దగ్గరికి వచ్చేసరికి అక్కర ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలని అక్వినాసు పునీత తోమాసు గారు బోధించారు. దేవుడు భూమినీ అందులోని సమస్తాన్నీ మనుషులందరి కోసం ఉద్దేశించాడని 1965లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. రెండవ జాన్ పాల్ పోపు గారు ఇంకొక అడుగు వేసి, 1979లో మెక్సికోలోని పుయెబ్లాలోనూ, 1987 నాటి విశ్వలేఖలోనూ, ప్రతి స్వంత ఆస్తి మీదా ఒక సామాజిక తాకట్టు ఉన్నదన్నారు. తాకట్టు అంటే మనకు తెలియనిదా! బ్యాంకులో పెట్టిన కమ్మలు ఎవరివి? మనవే. వేరెవరూ పెట్టుకోలేరు. కాని అప్పు తీరేదాకా వాటిని మన ఇష్టం వచ్చినట్టు అమ్ముకోలేము. మన ఆస్తి మీద కూడా మనకన్నా ముందు ఇంకొకరి లెక్క రాసి ఉన్నదని ఆయన భావం. ఆ లెక్కలో శ్మశానానికి పోయే నాలుగు అడుగుల దారి కూడా ఉన్నదనే నేననుకుంటున్నాను.

దీనిని నేల మీదనే గీసి చూపిన ఊళ్ళు ఉన్నాయి. ఇండోనేసియాలో ఫ్లోరెస్ అనే దీవి ఉన్నది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు దొమినికన్ గురువులు సువిశేషం తీసుకుపోయిన చోటు. నేటికీ అక్కడ ఎక్కువమంది కతోలికులే. 1989లో రెండవ జాన్ పాల్ పోపు గారు ఆ దీవిలోని మౌమెరేకు వెళ్ళారు. ఆ దీవి పడమటి భాగమైన మంగ్గరాయిలో, చంచార్ అనే పల్లె దగ్గర గుట్టెక్కి చూస్తే చేలు సాలెగూడులా కనిపిస్తాయి. మనకు గట్లు నలుచదరంగా ఉంటాయి, అక్కడ చక్రం ఆకుల్లా ఉంటాయి. భూమి వంశం మొత్తానిది. నడుమ ఒక కొయ్య పాతి, అక్కడ నుంచి భూమిపెద్ద ఒక్కొక్క కుటుంబానికి వేళ్ళతో కొలిచి పాలు పంచుతాడు. కేంద్రం దగ్గర ఒకటి రెండు వేళ్ళ వెడల్పున్న పాలు, అంచుకు పోయేసరికి మడి అవుతుంది. పెద్ద హోదా ఉన్నవారికి ఎక్కువ వేళ్ళు, లేనివారికి తక్కువ. కాబట్టి అదేమీ స్వర్గం కాదు. అక్కడి పిల్లలు కూడా మన పిల్లలు బెంగుళూరు పోయినట్టు మలేషియా తోటల్లో కూలికి పోతారు. అక్కడా పట్టాలు వచ్చాయి, అమ్మకాలు వచ్చాయి. కాని ఆ గీతల్లో ఒక సంగతి ఉన్నది: నడుమ పాతిన ఆ కొయ్యను చెప్పకుండా ఎవరూ తమ చేను హద్దు చెప్పలేరు. అందరి చేలూ ఒకే చోట మొదలవుతాయి. ఇండోనేసియా ప్రభుత్వం 1960లో చేసిన భూచట్టం ఆరవ అధికరణంలో, భూమి మీద ఏ హక్కయినా సమాజం పట్ల బాధ్యత కలిగినదేనని రాసి పెట్టుకొన్నారు. కతోలికులు కొద్దిమందే ఉన్న దేశపు చట్టం అది.

ఇంతవరకు రాశాక కలం ఆగింది. ఎందుకంటే ఈ బోధనంతా ఎవరికి వినిపిస్తున్నాను? మూడెకరాల ముసలాయనకు. మన ప్రాంతంలోనే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,800 ఎకరాలకు పైగా సేకరించారు. వస్తాయన్న ఉద్యోగాలు రాలేదు. అప్పుడు ఎన్ని బండిదారులు, ఎన్ని పశువుల బాటలు పోయాయో లెక్క రాసినవారు లేరు. పెద్ద కంచెలు లేచినప్పుడు నోరెత్తని మనం, పేదవాడు కంప వేస్తాననగానే తాకట్టు గురించి ఉపన్యాసం చెబితే అది ధర్మం అనిపించుకోదు. పేదలకు ఇచ్చిన ప్రభుత్వ భూములు అమ్మగూడదని 1977లో చట్టం వచ్చింది. ఉద్దేశం మంచిదే, పెద్దవాళ్ళు వాటిని కాజేయకుండా కాపాడటం. 2023లో సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన సాగుభూములకు సడలింపు ఇచ్చేదాకా, అక్కర పడినప్పుడు అమ్ముకోలేక చాటుమాటు కాగితాల మీద సగం ధరకే పోగొట్టుకున్నవారిని కూడా నేను చూశాను. పేదవాని ఆస్తిని మాత్రమే పవిత్రంగా చేసి, అతని చేతులు కట్టెయ్యడం సులభం.

రాజు అహాబు నాబోతు ద్రాక్షతోట అడిగిన కథ మీకు తెలుసు. నాబోతు పూర్వుల ఆస్తి ఇవ్వనన్నాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. నాలుగవ శతాబ్దంలో పునీత అంబ్రోసు గారు ఆ కథ మీద ఒక గ్రంథమే రాశారు. అందులో ఆయన మందలించినది ధనవంతులను. నాబోతు అమ్ముకొని ఉంటే తప్పు చేసినవాడయ్యేవాడా అన్నది వేరే సంగతి. నాబోతుకు నర్సింగు చదివే మనవరాలు ఉన్నదో లేదో గ్రంథం చెప్పలేదు.

కాబట్టి మరుసటి వారం ఆయన వచ్చినప్పుడు రెండు మాటలు చెప్పాను. మొదటిది, చేను అమ్మడం పాపం కాదు. మనవరాలి చదువు కోసం అమ్మడం జేజినాయన చెమటను వృథా చేయడమూ కాదు. రెండవది, దారి మూయడం తప్పే. ఎందుకో కూడా చెప్పాను. మీ జేజినాయన ఇచ్చినది దయగానే ఇచ్చి ఉండవచ్చు. కాని డెబ్బై ఏళ్ళుగా జనం ఆ దయ మీద తమ బతుకు కట్టుకున్నారు. ఆ దారి ఉన్నదని ఇళ్ళు అక్కడ కట్టుకున్నారు, ఆడపిల్లలను హైస్కూలుకు పంపారు, చనిపోయినవారిని అక్కడ పెట్టుకున్నారు. మనం ఇచ్చిన ఊతం మీద ఇంకొకరు బరువు మోపిన తర్వాత, అది మనదే కదా అని లాగేసుకుంటే పడిపోయేది వాళ్ళు. ఊతం ఇచ్చేటప్పుడు మనకు స్వేచ్ఛ ఉన్నది. లాగేటప్పుడు అంత లేదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “సరే సామీ. అయితే నష్టం నాదొక్కనిదేనా? నడిచేది నలభై ఇండ్లోళ్ళు గదా.”

ఆయన అడిగినది న్యాయమే. అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు చదివినవారికన్నా చేను దున్నినవారు లెక్క సరిగా చూశారు. దారిలో అందరికీ పాలు ఉన్నదంటే, దారి వల్ల తగ్గే ధరలో కూడా అందరికీ పాలు ఉండాలి. తాకట్టు సామాజికమైతే ఆ తాకట్టు బరువు కూడా సమాజమే మోయాలి గదా. మన ప్రసంగాల్లో ఈ రెండో సగం సాధారణంగా జారిపోతుంది. ఇచ్చేవాని బాధ్యత చెబుతాం, పుచ్చుకొనేవాని బాధ్యత చెప్పం.

ఒక సాయంత్రం ఉపదేశి గారిని వెంటబెట్టుకొని ఆ ఊరికి పోయాను. రచ్చకట్ట దగ్గర ఇరవై మందికి పైగా వచ్చారు. కతోలికులే కాదు, అందరూ. మొదట కోపాలు వచ్చాయి. “దారికి దుడ్లేంది?” అన్నవారున్నారు. “మేము నడవకుంటే ఆ దారెక్కడిది, దారి చేసిండేది మా కాళ్ళు” అని ఒకామె అన్నది. ఆ మాటలోనూ నిజం లేకపోలేదు. ఒక ముసలాయన లేచి, ఆ పెద్దాయన జేజినాయన పేరు తలచుకొని, ఆయన బతికుండగా ఒకసారైనా కృతజ్ఞత చెప్పినామా అని అడిగాడు. అప్పుడు కాస్త సద్దుమణిగింది. ఇంటికి ఇంతని వేసుకొని కొంత జమ చేద్దామన్నారు. పక్క చేను కంచె పెద్దమనిషిని కూడా అడగాలని కుర్రవాళ్ళు పట్టుబట్టారు. ఆయన చేను గట్టు పక్కగా కొంత వదిలితే దారి రెండు చేలకూ సమానంగా పడుతుంది. అడిగారు. చూద్దామన్నాడు.

పెద్దాయన దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి పోయి, అమ్మకపు కాగితంలో చెక్కుబందీ రాసేటప్పుడు ఉత్తరాన ఎనిమిది అడుగుల దారి అని స్పష్టంగా రాయమన్నారు. మూల నుంచి మూలకు పోయే దారిని గట్టు వెంబడికి మారిస్తే చేను ముక్కలు కాకుండా ఉంటుందని ఆ ఆలోచన కూడా ఆయనదే. కొనుగోలుదారు ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుంటానని, అయితే ధర తగ్గించమని కబురు పంపాడు. ఎంత తగ్గించాలన్న దగ్గర బేరం ఆగి ఉన్నది. ఊరివాళ్ళు వేసుకున్న చందాలో నలభై ఇళ్ళలో ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు ఇచ్చారు. పక్క చేను పెద్దమనిషి ఇంకా చూస్తూనే ఉన్నాడు.

మొన్న నవంబరు 2న సమాధుల పండుగకు ఆ దారినే నడిచి పోయాము. చెనక్కాయ పెరికేసి ఉన్నది. ఇద్దరు ముసలమ్మలు చేనిలో కూర్చొని పరిగె ఏరుతున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడి సిలువ గుర్తు వేసుకున్నారు. పెద్దాయన జేజినాయన సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా తలగుడ్డ అడ్డం పట్టుకొని నిలబడ్డారు. మనవరాలి రెండో ఏడాది ఫీజు సగమే కట్టారు. మిగతా సగానికి కోడలి కమ్మలు హిందూపురం బ్యాంకులో ఉన్నాయి.